పాఠశాలలకు ప్రజా స్వచ్ఛంద సహకారము (తిరుపతి – చిత్తూరు ప్రాంతము)

నిర్వచనము – పరిధి

పిల్లల చదువునకై గ్రామస్థులు, పూర్వవిద్యార్థులు, యువజనులు, సేవాసంస్థలవారు వేతనాపేక్ష లేకుండగనో నామమాత్రమైన భృతితోనో తమ కాలమును, శ్రమను, ధనమును, స్థలమును సమకూర్చి, ఆ తోడ్పాటు తల్లిదండ్రుల చేతిమీదుగాను ఉపాధ్యాయుల చేతిమీదుగాను బాలబాలికలకు చేరునట్లు చేసికొనిన ఏర్పాటులన్నియు ఈ శీర్షిక క్రిందికి వచ్చును. బడికి గది కట్టించి తాళపుచెవి అప్పగించి వెళ్లిపోవు దాత చేసినది దానము. ఆ గదిలో సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి ఎక్కములు చెప్పించు పొరుగింటి యువకుడు చేయునది స్వచ్ఛంద సేవ. రెండును ఈ ప్రాంతమున విరివిగా కలవు గాని, ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము రెండవది.

ఇచట ప్రాంతమనగా 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములు కలిసి ఏర్పడిన పూర్వపు చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో తిరుపతి కేంద్రముగ వేరొక జిల్లా ఏర్పడగా, మదనపల్లె ప్రాంతము అన్నమయ్య జిల్లాలో చేరినది. చరిత్ర కొరకు ఈ భాగములన్నిటిని ఒక్కటిగ గ్రహించుట అవసరము. తిరుమల తిరుపతి దేవస్థానముల వారి పాఠశాలలు, కళాశాలలు, బాలమందిరము దేవస్థానపు నిధులతో, జీతములు పొందు సిబ్బందితో నడచు సంస్థలగుటచే ఇందు చేరవు (చూ. దేవస్థాన విద్యాసంస్థలు). తిరుపతిలో స్వచ్ఛంద సేవ అనగానే జనులకు మొదట స్ఫురించు శ్రీవారి సేవ యాత్రికులకు సంబంధించినది; అదియు ఈ పరిధికి వెలుపలిదే.

పూర్వరంగము: వీధిబడి

ప్రభుత్వ పాఠశాలలు వెలయకముందు రాయలసీమ పల్లెలలో చదువు భారము సంపూర్ణముగ తల్లిదండ్రులపైననే ఉండెడిది. అయ్యవారు ఊరిలో ఒకరి అరుగుమీదనో, గుడి మండపముననో బడి పెట్టి, పిల్లలను ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించి, ఇంటింటినుండి వచ్చు నెలజీతముతోను, ధాన్యముతోను, పండుగ మామూళ్లతోను జీవించెడివాడు. దసరా దినములలో పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికి పోయి, వారిచేత పద్యములు చదివించి, తాను మామూలు పుచ్చుకొని పిల్లలకు పప్పుబెల్లములు పెట్టించుట, తల్లిదండ్రులు తమ బిడ్డ నేర్చినదేమో కన్నులార చూచుకొను వార్షిక పరీక్షగ గూడ ఉపకరించెడిది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని విచారింపుమని కలెక్టర్లను ఆదేశింపగా, తెలుగు వ్యాకరణకర్తగ గూడ ప్రసిద్ధుడైన బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో సమర్పించిన నివేదిక సీమ విద్యాచరిత్రకు ముఖ్యమైన ఆధారము. 9,27,857 మంది జనాభాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు, అనగా వేయింటికి సుమారు ఏడుగురు మాత్రమే చదువుకొనుచుండిరని ఆయన లెక్క చూపెను. తల్లిదండ్రుల పేదరికమే ఇందుకు ప్రధానకారణమని ఆయన నిర్ణయము. వీధిబడి ప్రజలు నడపుకొనినదే యైనను, జీతమిచ్చుకొనగలవారి బిడ్డలకు మాత్రమే అది అందెడిదని, బాలికలకును, దళిత కులముల పిల్లలకును దాని అరుగు ఎక్కు వీలు దాదాపు లేకుండెనని మరువరాదు. కడపలో సి. పి. బ్రౌను 1821లో తన ఖర్చుతో ఉచిత పాఠశాలలు నెలకొల్పుట ఈ లోపమును గుర్తించిన తొలి యత్నములలో ఒకటి.

దివ్యజ్ఞాన సమాజము – మదనపల్లె

ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ ప్రాంతపు విద్యాసేవకు మదనపల్లె కేంద్రమైనది. దివ్యజ్ఞాన సమాజపు అధ్యక్షురాలు అనీబిసెంటు ప్రోద్బలముతో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాల దేశవిదేశములనుండి వచ్చిన ఆదర్శవాదులగు అధ్యాపకులకు కార్యక్షేత్రమైనది. 1919లో రవీంద్రనాథ ఠాకూరు ఇచటనే విడిది చేసి, జనగణమన గీతమును ఆంగ్లీకరించెను. మదనపల్లెలోనే 1895లో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ప్రేరణతో పరిసరములలో స్థలము సంపాదింపబడి, కాలక్రమమున రిషీవ్యాలీ పాఠశాల రూపొందినది. ఆ పాఠశాల ధనికుల బిడ్డలకు వసతి పాఠశాలగ ప్రసిద్ధి చెందినను, దాని చుట్టునున్న మెట్టపల్లెల పిల్లల విషయమున నిర్వాహకులు చేసిన ఆలోచనమే తరువాతి కాలమున ఈ ప్రాంతము నుండి బయటి ప్రపంచమునకు వెళ్లిన విద్యావిధానములలో ముఖ్యమైనదానికి మూలమైనది.

పొరుగు అనుభవము

చిత్తూరు జిల్లా 1953లో ఆంధ్ర రాష్ట్రమున చేరినను, మద్రాసు రాష్ట్రపు వ్యవహారములు సరిహద్దు తాలూకాలకు పరాయివి కాలేదు. కామరాజు ముఖ్యమంత్రిగను, ఎన్. డి. సుందరవడివేలు విద్యాశాఖాధిపతిగను ఉన్న కాలమున, ప్రజల విరాళములతో బడిలో మధ్యాహ్నభోజనము పెట్టు పద్ధతి వ్యాపించి, 1958లో సరిహద్దుకు అంతగా దూరము కాని కడంబత్తూరులో మొదటి పాఠశాలాభివృద్ధి మహాసభ జరిగినది. ఊరివారు బడికి కావలసిన వస్తువుల జాబితా ముందుగ తయారుచేసి, సభలో ఎవరు ఏది ఇత్తురో పేరు చెప్పి ఒప్పుకొనుట ఆ పద్ధతి. 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదైన తిరుత్తణి తాలూకా ఆ మీదట మద్రాసు రాష్ట్రములో కలిసినది.

సాక్షరతోద్యమము

1988 మే నెలలో జాతీయ సాక్షరతా మిషన్ ప్రారంభమగుట, 1990లో కేరళలోని ఎర్నాకుళము సంపూర్ణాక్షరాస్యత సాధించిన జిల్లాగ ప్రకటింపబడుట ఆంధ్రదేశమున గొప్ప కదలిక పుట్టించినవి. 1990 దశకారంభమున చిత్తూరు జిల్లాలోను కలెక్టరు అధ్యక్షతన సాక్షరతా సమితి ఏర్పడి, కళాజాతలు ఊరూర తిరిగినవి. పది మంది వయోజనులకు ఒక వాలంటీరు చొప్పున, పనిపాటలు ముగిసిన తరువాత లాంతరు వెలుగున, మూడు వాచకములు క్రమముగ పూర్తిచేయించుట ఆ విధానము. ఉద్యమము వయోజనులకు ఉద్దేశింపబడినదే. కాని దాని ఫలితము పిల్లల బడిలోనే స్పష్టముగ కనబడినది. సంతకము నేర్చిన తల్లి హాజరు పట్టిక అడిగి చూచుటకు జంకలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఈ రాత్రిబడులనుండియే సారావ్యతిరేకోద్యమము పుట్టుట సుప్రసిద్ధము (చూ. సారావ్యతిరేకోద్యమము). 2011 జనగణన నాటికి చిత్తూరు జిల్లా అక్షరాస్యత సుమారు 72 శాతము.

చట్టబద్ధమైన సంఘములు

స్వచ్ఛందముగ జరుగుచున్న సహకారమునకు చట్టరూపము కల్పించు యత్నము ఆంధ్రప్రదేశములో 1998 నాటి పాఠశాల విద్య (ప్రజా భాగస్వామ్య) చట్టముతో ఆరంభమైనది. దానిననుసరించి పాఠశాల, పంచాయతీ, మండలము, జిల్లా స్థాయిలలో విద్యాకమిటీలు ఏర్పడినవి. అంతకు ఒక సంవత్సరము ముందు మొదలైన జన్మభూమి కార్యక్రమమున ఊరివారు తమ వంతు వాటా చెల్లించి బడిగదులు కట్టించుకొనుటయు, అదే దశాబ్దపు జిల్లా ప్రాథమిక విద్యా పథకము (డీపీఈపీ) క్రింద స్థానిక యువకులు విద్యావాలంటీర్లుగ నియమింపబడుటయు ఈ చట్టమునకు ఆచరణబలము కలిగించినవి.

2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 21వ సెక్షను పాఠశాల యాజమాన్య కమిటీని తప్పనిసరి చేసి, సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు కావలెనని, సగము మంది స్త్రీలు ఉండవలెనని నిర్దేశించినది. రాష్ట్ర నియమముల ప్రకారము తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు ఎన్నుకొనబడుదురు. కనుక ఐదు తరగతుల బడికి పదునైదుగురు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, వార్డు సభ్యుడు, మహిళాసమాఖ్య ప్రతినిధి హోదారీత్యా సభ్యులు. 2019 సెప్టెంబరులో తల్లిదండ్రుల కమిటీలనబడు ఈ సంఘములకు ఎన్నికలు జరిగి, ఆ నవంబరు 14న మొదలైన 'మన బడి నాడు–నేడు' పథకములో మొదటి దశకు ఎంపికైన 15,715 పాఠశాలల మరమ్మతు పనులు కంట్రాక్టర్లకు బదులుగ ఈ కమిటీల చేతికే అప్పగింపబడినవి. తల్లులకు సంవత్సరమునకు 15,000 రూపాయలు చెల్లించిన 'అమ్మ ఒడి' 2020 జనవరి 9న చిత్తూరులోనే ప్రారంభమైనది. 75 శాతము హాజరు దానికి షరతుగ ఉండెడిది. అది సంక్షేమ పథకమే గాని స్వచ్ఛంద సేవ కాదు. అయినను తల్లి హాజరు శాతము లెక్కించుకొనుట అలవాటు చేసినది. 2024 డిసెంబరు 7న రాష్ట్రములోని ప్రభుత్వ పాఠశాలలన్నిట ఒకే దినమున తల్లిదండ్రుల – ఉపాధ్యాయుల మహా సమావేశము జరిగినది; 2025 జులై 10న మరల జరిగినది.

రిషీవ్యాలీ ఉపగ్రహ పాఠశాలలు

1980 దశకపు చివరి సంవత్సరములలో రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రమున పద్మనాభరావు, రమ దంపతులు ఆరంభించిన చిన్నబడులు 'శాటిలైట్ స్కూళ్లు' అను పేర ప్రసిద్ధములైనవి. వేరుశనగ మీదను, వానమీదను ఆధారపడిన ఊళ్లు అవి. బడి పెట్టుమని కోరిన ఊరు స్థలమిచ్చి, శ్రమదానము చేసి, బడిని తనదిగ ఒప్పుకొనవలెను. ఉపాధ్యాయుడు ఆ పరిసరముల యువకుడో యువతియో. పెద్ద డిగ్రీలు లేకున్నను, పిల్లల ఇండ్లు, పొలములు, చుట్టరికములు ఎరిగినవారు. అన్ని తరగతుల పిల్లలు ఒకే గదిలో ఉందురు.

ఇట్టి బడిలో గోడమీద నిచ్చెన చిత్రము వ్రేలాడుచుండును. నిచ్చెన మెట్టు ఒక్కొక్కటి ఒక మజిలీ. మజిలీలో కొన్ని కార్డులు. కార్డుపై ఒక చిన్న బొమ్మ. పిల్లవాడు లోనికి వచ్చి నిచ్చెనపై తాను నిన్న ఆగిన చోటు చూచుకొని, ఆ బొమ్మ గల కార్డును అలమరనుండి తానే తీసికొని, అది సూచించు గుంపులో పోయి కూర్చుండును. ఒక గుంపు అయ్యవారి యెదుట, మరొకటి తోటివారి సాయముతో, వేరొకటి ఒంటరిగ. జ్వరము వచ్చియో, మేకలు కాయుటకు పోయియో వారము రోజులు మానినవాడు తిరిగి వచ్చునప్పుడు తరగతి ముందుకు సాగిపోయినదను బాధ లేదు. తన మెట్టు తనకై నిలిచియుండును. సీమ పల్లెలలో పిల్లలు బడి విడుచుటకు ఈ 'వెనుకబడుట' ఎంతటి కారణమో తెలిసినవారికి ఈ యేర్పాటు విలువ వివరింపనక్కరలేదు.

తల్లిదండ్రులను బడిలోనికి రప్పించుటకు నిర్వాహకులు కల్పించినది 'మెట్రిక్ మేళా'. ఆ దినమున పిల్లలు త్రాసులు, టేపులు, కొలపాత్రలు సిద్ధముచేసికొని దుకాణముల వలె కూర్చుందురు. తల్లులు ఒకరి వెనుక ఒకరు వచ్చి నిలువగా, ఒక పిల్ల ఎత్తు కొలిచి సెంటీమీటర్లలో చెప్పును, ఒక పిల్లవాడు బరువు చూచి కాగితముపై వ్రాసి ఇచ్చును. చదువురాని తల్లికి ప్రగతిపత్రము ఇచ్చి వేలిముద్ర వేయించుకొనుటకంటె, తన బిడ్డ తన బరువు తప్పులేకుండ చదివి చెప్పుట చూపించుట మేలైన నివేదనమని ఈ వ్యాసకర్త అభిప్రాయము. తల్లులను పిలిచి, వారు ఇంట చెప్పు కథలను చెప్పించి, వానినే చదువు సామగ్రిగ మార్చుట గూడ ఈ బడుల పద్ధతులలో కలదు.

ఉపగ్రహ పాఠశాలలు డజనునకు అటునిటు మాత్రమే. అయినను వాని సామగ్రి 'పెట్టెలో బడి' అను పేర ఇతర రాష్ట్రములకు చేరినది. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలు స్వీకరించిన కృత్యాధార బోధన ఈ మూలమునుండి వచ్చినదే. కొలది సంవత్సరములలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికి అది వ్యాపించినది. మదనపల్లె సమీపమున పుట్టిన పద్ధతి పొరుగు రాష్ట్రమున వేలకొలది బడులకు ప్రాకగా, తన జిల్లాలో పరిమితముగ నిలిచిపోవుట గమనింపదగిన విషయము.

కుప్పము: ఆపరేషన్ వసంత

1999లో రామ్‌జీ రాఘవన్ స్థాపించిన అగస్త్య అంతర్జాతీయ ఫౌండేషనునకు కుప్పము చేరువ గుడివంకలో 172 ఎకరముల విద్యాప్రాంగణము కలదు. మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియు ఈ సీమలో పిల్లవాడు ఇంట తమిళమో కన్నడమో మాటలాడి, బడిలో తెలుగు చదువుట సాధారణము. సంచార ప్రయోగశాల వాహనములు ఊళ్లకు పోయి, బల్లపై పరికరములు పరచి, విజ్ఞానశాస్త్ర ప్రయోగములు చేయించుట ఈ సంస్థ ప్రధానకార్యము. 'ఆపరేషన్ వసంత' అను కార్యక్రమమున ఊరిలోని చదువుకొన్న యువతీయువకులు సాయంకాలములయందు పిల్లలకు పాఠములు చెప్పుదురు. ఎంపిక చేయబడిన విద్యార్థులే శిక్షణ పొంది తోటివారికి ప్రయోగములు వివరించు పద్ధతి మరియొకటి.

తిరుపతి సంస్థలు

జి. మునిరత్నము 1981లో తిరుపతి కేంద్రముగ స్థాపించిన రాయలసీమ సేవాసమితి తరువాత రాష్ట్రీయ సేవాసమితి (రాస్) అయినది. కూలికి పోవు తల్లుల బిడ్డలకు శిశుసంరక్షణ కేంద్రములు, బాలవాడీలు, బడి మానినవారికి అనియత విద్యాకేంద్రములు నడపుట ఆ సంస్థ సేవలలో ముఖ్యములు. 1954లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో ఏర్పడిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము విద్యార్థులు జాతీయ సేవాపథకము క్రింద దత్తత గ్రామములలో ఏడుదినముల శిబిరములు నిర్వహింతురు. ఏడుదినములలో బడి గోడకు సున్నము వేయవచ్చును గాని పిల్లలకు చదువు రాదు. కనుక ఈ శిబిరముల ఉపయోగము ఊరివారికంటె శిబిరార్థులకే అధికమను విమర్శ కలదు.

బాలకార్మికులను బడికి మరల్చుటకు 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హా నాయకత్వమున ఎం. వెంకటరంగయ్య ఫౌండేషను నడపిన వారధి శిబిరముల పద్ధతి రాష్ట్రమంతట అనుసరింపబడినది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది (చూ. బాలకార్మిక నిర్మూలనము).

నిర్వహణ విధానము

కార్యచక్రము జూను మాసమున బడి తెరచుటతో మొదలగును. ఉపాధ్యాయులు, కమిటీ సభ్యులు, అంగన్‌వాడీ టీచరు కలిసి ఇంటింటికి పోయి ఐదేండ్లు నిండిన బిడ్డల పేర్లు వ్రాసికొందురు. అది మామిడికోతల కాలమగుటచే తల్లిదండ్రులు తోటలలోనో, గుజ్జు ఫ్యాక్టరీలలోనో ఉందురు. పగటివేళ తాళము వేసిన ఇండ్లే ఎక్కువ. పలమనేరు, కుప్పము పల్లెలనుండి బెంగుళూరునకు కూలికి పోవువారి పిల్లలను అవ్వతాతల వద్ద నిలుపుట వేరొక పని. బడికి వచ్చి సంతకము చేయవలసినవారు అట్టి ఇండ్లలో అవ్వతాతలే.

తల్లిదండ్రుల సమావేశమునకు వేళ నిర్ణయించుట ఈ ప్రాంతమున సులభము కాదు. పాడి ప్రధానమైన ఊళ్లలో ఉదయము సాయంకాలము పాలకేంద్రములో పాలు పోయు సమయములు తప్పించవలెను. నడిపగలు పెట్టినచో కూలి తల్లికి ఆ దినపు కూలి పోవును. అనుభవజ్ఞులగు ప్రధానోపాధ్యాయులు పాలవేళ ముగిసిన పిదప బడి ఆవరణముననే సభ చేయుదురు. చర్చించిన విషయములు తీర్మానముల పుస్తకమున వ్రాయబడి సంతకములు తీసికొనబడును. వంట ఏజెన్సీ వండిన అన్నమును, కోడిగ్రుడ్ల లెక్కను చూచుట, మరుగుదొడ్ల శుభ్రత కనిపెట్టుట, పదవతరగతి పిల్లలకు పరీక్షలముందు రాత్రి చదువులయందు తోడుండుట సభ్యులు సామాన్యముగ చేయు పనులు. పూర్వవిద్యార్థులు ఇచ్చిన ఫ్యాన్లు, బీరువాలు, నీటిశుద్ధి యంత్రములపై దాతల పేర్లు ఎఱ్ఱరంగుతో వ్రాయించుట ఆచారము. కొన్ని బడులలో వస్తువుకంటె పేరే పెద్దదిగ కనబడును.

ప్రపంచమున ఇతరత్ర

అమెరికాలో 1897లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్‌స్ట్ స్థాపించిన తల్లుల జాతీయ మహాసభ కాలక్రమమున తల్లిదండ్రుల – ఉపాధ్యాయుల సంఘముగ, అనగా పీటీఏగ పరిణమించినది. మన తల్లిదండ్రుల కమిటీ ప్రభుత్వచట్టముచే ఏర్పడినది, ఆ సంఘము తల్లులే స్వయముగ ఏర్పరచుకొనినది. ఈ భేదము ముఖ్యము. అమెరికాలోని తెలుగువారు 2007లో సిలికానాంధ్ర ఆధ్వర్యమున ఆరంభించిన 'మనబడి'లో తల్లిదండ్రులే వారాంతమున ఉపాధ్యాయులై పిల్లలకు తెలుగు నేర్పుచున్నారు.

ప్రాముఖ్యము – పరిమితులు

ఈ ప్రాంతపు అనుభవమునుబట్టి చూడగా, ఊరివానికి నిర్దిష్టమైన పని యొకటి అప్పగించిన చోట్ల స్వచ్ఛంద సహకారము నిలిచినది. సభ్యత్వము మాత్రమే ఇచ్చిన చోట్ల సంతకమునకు పరిమితమైనది. త్రాసు పట్టిన పిల్లలను చూచుటకు వచ్చిన తల్లులు మరల వచ్చిరి. తీర్మానము వినుటకు పిలువబడిన తల్లులు రెండవమారు అత్తనో ఆడబిడ్డనో పంపిరి. కమిటీ అధ్యక్షపదవి పార్టీల పోటీకి గురియగుట, తల్లి సభ్యురాలైనను తండ్రి మాటలాడుట, వెనుకబడిన కులములవారు సభలో వెనుక వరుసను విడువకుండుట తరచు చెప్పబడు లోపములు.

పాఠశాలల పునర్వ్యవస్థీకరణము గూడ ఈ సంఘములను కదిలించినది. 2022లో 117వ నంబరు ప్రభుత్వోత్తర్వు ననుసరించి పెక్కుచోట్ల 3, 4, 5 తరగతులు సమీపమునగల ఉన్నత పాఠశాలలలో కలుపబడగా, ఊరిబడిలో రెండు తరగతులే మిగిలి, ఆ బడికై శ్రమించిన తల్లిదండ్రులు దూరపు బడి కమిటీలో క్రొత్తవారైరి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది.

అన్నిటికంటె కఠినమైన చిక్కు వారసుల కొరత. యాజమాన్య కమిటీ కాలపరిమితి రెండేండ్లు. ఉపాధ్యాయునికి బదిలీలు తప్పవు. బిడ్డ ఐదవతరగతి దాటగానే తల్లి సభ్యత్వము ముగియును. సాయంకాలపు బడి నడపు యువకుడు డిగ్రీ ముగించి బెంగుళూరులోనో శ్రీసిటీలోనో ఉద్యోగము దొరకిన నాడు ఊరు విడుచును. ఆ సాయంకాలమునుండి బడి తాళము ఎవరి ఇంట నుండవలెనో ముందుగ నిర్ణయించి, కనీసము ఒక సంవత్సరము ముందునుండియే రెండవవానిని అతనిప్రక్క కూర్చుండబెట్టి పని నేర్పించు ఏర్పాటు బహుకొలది ఊళ్లలో మాత్రమే కలదు.